చుట్ట కాలినంతసేపు

మొన్న ఊరెళ్తే అమ్మ అటక ఖాళీ చేయించే పనిలో ఉంది. ఇత్తడి గంగాళం, విరిగిన కవ్వం, నాన్న టార్చిలైటు, అక్క పెళ్ళినాటి తాటాకు బుట్టలు ఒక్కోటీ వసారాలోకి దిగాయి. అన్నిటికంటే చివర, గోనెపట్టాలో చుట్టి కొబ్బరితాడుతో కట్టిన హార్మోనియం పెట్టె.

"అది నీదేరా. ఎలకలు కొట్టకముందే తీసుకుపో" అంది.

తాడు విప్పి మూత తీశాను. ముందు కలరా ఉండల వాసన గుప్పుమంది. తర్వాత పాతతోలు, ఇత్తడి, చెక్క. అన్నిటికీ అడుగున చుట్టపొగ. మా ఇంట్లో చుట్ట కాల్చినవాళ్ళు ఎవరూ లేరు. కాల్చిన మా హార్మోనియం మాస్టారు పోయి పద్నాలుగేళ్ళు. నేను గుమ్మంలోనే కూలబడిపోయాను. అమ్మ నన్ను దాటుకుంటూ రెండుసార్లు వంటింట్లోకి వెళ్ళొచ్చింది, ఏమీ అనలేదు.

*

మాది చల్లపల్లి దగ్గర పల్లెటూరు. నెలగంట పెట్టిన దగ్గర్నుంచీ రామాలయం నుంచి నగరసంకీర్తన బయల్దేరేది. చుక్కలింకా ఉండగానే లేపేవాళ్ళు. ఒకాయన హార్మోనియం మెడకి తగిలించుకుని నడిచేవాడు. వెనక చిడతలు, తాళాలు, ఓ డోలక్. ఆయనకి హార్మోనియం మెట్లు కనబడేలా లాంతరు పట్టుకోవడం నా పని. అందరూ దేవుడి పాట వింటుంటే నేను పెట్టె వెనక తిత్తి ఎగిసిపడటం చూస్తూ నడిచేవాణ్ణి. పడుకున్న దూడ డొక్కలా ఉండేది. ఓసారి అలా చూస్తూ మురుగ్గుంటలో కాలేశాను. లాంతరు ఆరింది. పాట ఆగలేదు. ఆయన చీకట్లోనే వాయించుకుంటూ పోయాడు. కళ్ళు లేకపోయినా వేళ్ళకి దారి తెలుస్తుందని నాకు అప్పుడే తెలిసింది. అంటే నా లాంతరు అవసరమే లేదన్నమాట! ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే తెల్లవారుజామున లేపరు.

సంగీతం అనే మాట మా ఇంట్లో వాడేవాళ్ళం కాదు. పాట, పద్యం, భజన, అంతే. పొద్దున్నే విజయవాడ రేడియోలో భక్తిరంజని వచ్చేది. అది కూడా అమ్మకి గడియారమే. ఫలానా పాట వచ్చేసరికి పాలు పితకాలి, ఫలానా దానికి కళ్ళాపి చల్లడం అయిపోవాలి.

*

మాస్టారు మా ఊరివాడు కాదు. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత కింది ఊళ్ళ నుంచి పైకి వచ్చినవాళ్ళలో ఆయన ఒకడు. రైసుమిల్లు పక్కన, ఊక పోసే కొట్టాన్ని ఆనుకుని ఓ గది ఇచ్చారు. ఆ గది ముందు తుంగచాప పరిచి, పెట్టె మొత్తం ఊడదీసి, గాలికి పలికే ఇత్తడి రేకులు, రీడ్లన్నీ వరసగా ఎండలో పెట్టాడు. పిల్లలం చుట్టూ మూగాం. వడియాలు పెట్టినట్టున్నాయి. ఉప్పునీళ్ళు తాగి, ఒక్కోటీ పచ్చగా చిలుము పట్టి ఉంది.

ఇత్తడి కదా అని నేను ఇంటికి పరిగెత్తి చింతపండు తెచ్చిచ్చాను. ఆయన నా అరచేతిలో ముద్దని చూసి, దాన్ని నోట్లో వేసుకుని చప్పరించాడు.

"పులుపు తగిల్తే రేకు పల్చబడుద్దిరా. ఇవి బిందెలు కాదు, నాలికలు. పాలిటానా సరుకు."

పాలిటానా గుజరాత్‌లో ఉందని, దేశంలో ఎన్నో హార్మోనియాలకి అక్కడి రీడ్లే దిక్కని నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. అప్పుడు మాత్రం పాలిటానా అంటే ఏదో పులిపేరు అనుకున్నాను. బ్లేడుతో గీకడం చూపించాడు. కొస దగ్గర గీకితే శ్రుతి పెరుగుతుంది. మొదలు దగ్గర గీకితే తగ్గుతుంది. "గీకింది మళ్ళీ అతకదు. అందుకని గీకే ముందు రెండుసార్లు వినాలి." వారం రోజుల్లో అన్నీ పలికాయి, కింది స్థాయిలో, మంద్రంలో ఒకటి తప్ప. అది ఎన్ని చేసినా గొంతు బొంగురుపోయిన మనిషిలాగే పలికేది. దాన్ని మార్చుకోవచ్చు కదా అని ఎంతమంది అన్నా మార్చలేదు.

ఆ ఉప్పెన రాత్రి సంగతి ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఆ ఇంటి నుంచి బయటపడింది ఆయనా, ఆ పెట్టే అని పెద్దవాళ్ళు గొంతు తగ్గించి చెప్పుకునేవాళ్ళు. మేం అడగలేదు.

*

ఏడాదికి బస్తా వడ్లు. అదీ ఫీజు. నాన్నకి ఇది బొత్తిగా ఇష్టం లేదు. "పెట్టె పట్టినవాడు నాగలి పట్టడు, పలకా పట్టడు" అనేవాడు. అమ్మ మాత్రం కళ్ళంలో కొలతలప్పుడే ఓ బస్తాని ఎలుకల కింద రాసేసేది. మా ఊళ్ళో ఆ ఏళ్ళలో ఎలుకలు ఎక్కువ తిన్న ఇల్లు మాదే అయ్యుంటుంది.

మొదటి నెల కుడిచెయ్యి ఒళ్ళోనే పెట్టుకోమన్నాడు. తిత్తి పట్టుకున్న ఎడమచెయ్యికే పని. ఒక్క మెట్టు తనే నొక్కిపట్టి చుట్ట వెలిగించేవాడు. "ఇది అయ్యేదాకా సా ఆగకూడదు, వణక్కూడదు." మా మాస్టారు చుట్ట గబగబా కాల్చే రకం కాదు. దాన్ని పలకరిస్తున్నట్టు కాల్చేవాడు. మధ్యలో మిల్లుకొచ్చిన రైతులతో వానల గురించి మాట్లాడేవాడు. నా రెక్క పీకేసేది. బయట కనబడే తిత్తి కాక లోపల ఇంకోటి ఉంటుంది. బయటిది గాలి తీసుకునేంతసేపూ స్వరాన్ని నిలిపేది లోపలిదే. అది ఖాళీ అయ్యిందో, స్వరం కుంగుతుంది. చెయ్యి ముందుకీ వెనక్కీ మారేచోట అతుకు వినబడుతుంది. నేను అతుకు వినిపించిన ప్రతిసారీ ఆయన మాట మధ్యలో ఆపి, నావైపు చూడకుండానే, "చిరిగింది" అనేవాడు. మళ్ళీ వానల గురించి మొదలెట్టేవాడు.

నెల తర్వాత సరళీ స్వరాలు, మాయామాళవగౌళ రాగంలో. అందరికీ అదే మొదలు. పురందరదాసు పెట్టిన దారి అని చెప్పేవాడు. తర్వాత జంటలు, అలంకారాలు. నా ఎదురుగా కూర్చునేవాడు కాబట్టి ఆయనకి మెట్లన్నీ తలకిందులు. అయినా తప్పు మెట్టు మీద నా వేలు దిగకముందే చుట్టతో నా గోటి మీద తట్టేవాడు. నా కుడి చూపుడువేలి మీద చిన్న మచ్చ ఇప్పటికీ ఉంది. ఒకరోజు అంచనా తప్పి, నిప్పున్న వైపు తగిలింది. ఆ రోజు మాస్టారే ఏడ్చినంత పని చేశాడు. నేనేమో స్కూల్లో దాన్ని పతకంలా చూపించుకున్నాను.

రేడియో అంటే ఆయనకి పడేది కాదు. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని పక్కన పెట్టింది. మెట్టుకీ మెట్టుకీ మధ్య జారడం దానికి రాదు, గమకం పలకదు, విదేశీ వాయిద్యం, ఇదీ అభియోగం. ముప్పై ఏళ్ళ పైచిలుకు తర్వాత, 1971లో గానీ ఆ పట్టు సడలలేదు. నేను ఆయన దగ్గర చేరేసరికి ఆ గొడవ పాతబడింది. మాస్టారికి మాత్రం నిన్నటి సంగతి. "గమకం రాదన్న మాట నిజమే" అని ఒప్పుకునేవాడు. "రాదు కనకనే పాడేవాడికి చోటుంటది. ఫిడేలు అయితే వాడితోపాటు ఇదీ పాడుద్ది." ఆయన వాదన ఎంతవరకు నిలబడుతుందో నాకు తెలియదు. తర్వాత నేను ద్వారం వెంకటస్వామినాయుడు గారి ఫిడేలు రికార్డు విన్నాను. ఆ పూటంతా మాస్టారి మాట నాకు గుర్తుకు రాలేదు.

*

ఇక నాటకాలు. ఇక్కడ నాకు కాస్త సమయం కావాలి.

శ్రీరామనవమి పందిళ్ళలో, తిరునాళ్ళలో, కోతలయ్యాక ఖాళీ పొలాల్లో పద్యనాటకం ఆడేవాళ్ళు. అవన్నీ కాంట్రాక్టు నాటకాలు. కృష్ణుడు ఒక ఊరి నుంచి, అర్జునుడు ఇంకో ఊరి నుంచి, ద్రౌపది తెనాలి నుంచి ఏ బస్సు దొరికితే ఆ బస్సులో దిగేవాళ్ళు. రిహార్సల్ అనేదే ఉండదు. ఒక్కో అంకానికి ఒక్కో కృష్ణుడు వచ్చినా జనం ఏమీ అనుకునేవాళ్ళు కాదు. పైగా ఎవరు బాగా పాడారని తెల్లారాక టీకొట్టు దగ్గర తగువులాడుకునేవాళ్ళు. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు గార్ల పేర్లు వింటే చాలు, బళ్ళు కట్టుకుని వెళ్ళే తరం మా నాన్నది. పెట్టె పట్టడాన్ని అంతగా తిట్టిన మనిషి, వాళ్ళ పద్యాలు మాత్రం పొలంలో నీళ్ళు పెడుతూ పాడుకునేవాడు. శ్రుతి లేకుండా, గట్టిగా.

ఇంతమందినీ కలిపే దారం హార్మోనిస్టు చేతిలో ఉండేది. మాస్టారి జేబులో చిన్న నోటుపుస్తకం. అందులో పేర్లు ఉండవు, వేషాలూ ఊళ్ళూ, పక్కన ఆ గొంతు పాడే శ్రుతి అంకె. ఫలానా ఊరి కృష్ణుడు: 5. ఫలానా ఊరి చంద్రమతి: 5½. ఒకచోట "దుర్యోధనుడు 4, కోపం వస్తే 4½" అని ఉండేది. అది పాత్ర కోపమో మనిషి కోపమో ఎప్పుడూ అడగలేదు.

రాత్రి పదింటికి మొదలు. ముందు చందాల కేశవదాసు రాసిన ప్రార్థన. వేషాలు వేసుకున్నవాళ్ళు, సగం వేసుకున్నవాళ్ళు, కిరీటం లేకుండా గడ్డం మాత్రమే పెట్టుకున్నవాళ్ళు అందరూ తెర వెనక వరసగా నిలబడి పాడేవాళ్ళు. ఆ పాట వినబడితే చాలు, ఊళ్ళో అరుగుల మీదున్నవాళ్ళు చాపలు చంకన పెట్టుకుని పరిగెత్తేవాళ్ళు. తెరలోపల ముఖానికి పూసే అర్దళం, జింకు పౌడరు, కొబ్బరినూనె, పెట్రోమాక్సు కిరసనాయిలు, చెమట. ఆ వాసన ఇప్పుడు ఎక్కడా లేదు.

పద్యానికి తాళం లేదు. తబలా ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు. నటుడు వచనం ముగిస్తూ చివరిమాట మీద ఉండగానే హార్మోనియం షడ్జమం, అంటే సా, అందించాలి. ఒక్క క్షణం ముందైతే మాట మింగేస్తుంది, ఆలస్యమైతే నటుడు గాలిలో నిలబడతాడు. అక్కణ్ణుంచి ఆయన ఎక్కడికి పోతే అక్కడికి, ఒక అడుగు వెనకగా. రాగం తీస్తూ ఊపిరి తీసుకునే ఖాళీ ఉంటుంది చూశారూ, అక్కడ పెట్టె ఒక్కసారి ముందుకొచ్చి ఆయన అన్నదే మళ్ళీ అని తప్పుకుంటుంది. ఆ ఖాళీ ఎంతసేపో ఎవరూ చెప్పరు. మాస్టారు నటుడి ముఖం చూసేవాడు కాదు. మెడ కింది గుంట చూసేవాడు. ఊపిరి అక్కడ కనబడుతుంది.

హరిశ్చంద్ర ఆడినప్పుడు ఒకావిడ చంద్రమతి వేసేది. లోహితాస్యుడు ఆవిడ కన్నకొడుకే. పాము కరిచి పడిపోయే సీను వచ్చేసరికి తెల్లవారుజాము మూడు. వాడు పడిపోవడం పడిపోవడం నిజంగానే నిద్రపోయేవాడు. ఆవిడ వాణ్ణి భుజాన వేసుకుని పాడుతుంటే వాడి చెయ్యి గడియారం లోలకంలా ఊగేది. జనం బావురుమనేవాళ్ళు. ఒకరాత్రి వాడు ఆవిడ భుజం మీద గురకపెట్టాడు. మైకు అందుకుంది. మాస్టారు టక్కున మంద్రంలో ఆ బొంగురు రీడు నొక్కిపట్టి గురకని అందులో కలిపేశాడు. ఆ రీడు ఎందుకు మార్చలేదని ఆ తర్వాత నేను అడగలేదు.

*

మొదట నన్ను పెట్టె మోయడానికి తీసుకెళ్ళేవాడు. తర్వాత వేషాలు పూర్తయ్యేదాకా జనం లేచిపోకుండా సినిమాపాటలు వాయించడం నాకు అప్పగించాడు. ముందువరసలో పిల్లలు అది వాయించు, ఇది వాయించు అని చీటీలు విసిరేవాళ్ళు. చీటీల్లో వేరుశనగ కాయలు కూడా వచ్చేవి. ఆ అరగంటా నేను పెద్ద కళాకారుణ్ణి. తలెత్తి, జుట్టు ఎగరేసి, తిత్తి అక్కర్లేనంత జోరుగా కొట్టేవాణ్ణి. మాస్టారు తెర సందులోంచి చూసి నవ్వుకునేవాడు.

ఓ కురుక్షేత్రం రాత్రి, పెద్ద అంకాలన్నీ అయిపోయి జనం సగం పడుకున్నాక, "కాసేపు కూర్చో" అని లేచి వెళ్ళిపోయాడు. స్టేజీ మీద కర్ణుడు. పుస్తకంలో ఆయనది ఐదు శ్రుతి. కానీ మంచులో కూర్చుని గొంతు పట్టేసింది పాపం. వచనం చెబుతూనే చెయ్యి వెనక్కి పెట్టి, వేలు కిందికి చూపించాడు. అర తగ్గించమని. నాలుగున్నర.

నాలుగున్నరలో మోహన రాగం అయ్యుంటే బతికిపోయేవాణ్ణి. ఐదు స్వరాలూ ఐదు నల్లమెట్లే, కళ్ళు మూసుకుని వాయించొచ్చు. ఆయన కల్యాణి ఎత్తాడు. మధ్యమం, నిషాదం మాత్రం తెల్లమెట్ల మీదికి దిగాలి. మధ్యమం దగ్గర రెండు తెల్లమెట్లు పక్కపక్కనే ఉంటాయి. పైది కల్యాణికి కావలసిన ప్రతిమధ్యమం, కిందిది శుద్ధమధ్యమం. నా వేలు కిందిదాని మీద పడింది. ఒక్క మెట్టు. కల్యాణి కాస్తా శంకరాభరణం అయి కూర్చుంది. కంగారులో సర్దబోయి ఇంకోసారి అదే నొక్కాను. కర్ణుడు పద్యం మధ్యలో ఆగి నావైపు తిరిగాడు. చీకట్లోంచి ఎవరో ముసలాయన గొంతు, "అబ్బాయ్, ఆ పెట్టె కట్టెయ్!"

కట్టేశాను. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. కర్ణుడు పద్యం మళ్ళీ మొదటి నుంచి ఎత్తాడు, ఏ తోడూ లేకుండా. ఆ బొంగురుగొంతుతో, అంత చలిలో, మైకుకి కాస్త దూరం జరిగి. పడుకున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి కూర్చున్నారు. అయ్యాక "ఒన్స్ మోర్" అన్నారు. ఆయన మళ్ళీ పాడాడు. నేను మళ్ళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నేను విన్న కల్యాణిల్లో అంతటిది ఇంకోటి లేదు. అందులో నేను లేను.

మాస్టారు అంతా విన్నాడు. తెల్లారి బస్‌స్టాండులో ఇడ్లీ పెట్టించాడు. నాటకం ఊసెత్తలేదు. ఇంటికొచ్చాక మర్నాటి నుంచి మూడునెలలు అవే సరళీ స్వరాలు, రోజుకో మెట్టు సా చేసుకుని. పన్నెండు మెట్లూ అయ్యాక మళ్ళీ మొదటి నుంచి. ఇంట్లో అందరికీ పిచ్చెక్కింది. "ఎలుకలు తిన్నది చాలలేదా?" అని నాన్న అమ్మ మొహం చూస్తూ అన్నాడు. అప్పుడు తెలిసింది, బస్తా సంగతి ఆయనకి మొదటి నుంచీ తెలుసని.

*

ఆ తర్వాత నాలుగైదు ఏళ్ళు బాగానే గడిచాయి. రాత్రికి ముప్పై రూపాయలు, ఒక్కోసారి యాభై. అవన్నీ చెప్పుకుంటూ పోతే ఒకటే కథ. పద్యం, బస్సు, నిద్ర, కాలేజీలో కునికిపాట్లు.

డిగ్రీకి విజయవాడ వెళ్ళాను. అప్పటికే నాటకాల స్థానంలో పందిట్లో టీవీ, వీసీఆర్ పెట్టి రాత్రికి మూడు సినిమాలు వేస్తున్నారు. నేను వినాయకచవితికీ దసరాకీ ఒక ఆర్కెస్ట్రాలో క్యాసియో కీబోర్డు వాయించడం మొదలెట్టాను. పాడే అమ్మాయి శ్రుతి ఎక్కువైందంటే ట్రాన్స్‌పోజ్ బటను ఒకసారి నొక్కితే చాలు. మూడునెలల సరళీ స్వరాలు ఒక్క బటను కింద నలిగిపోయాయి. నాకు బాధేమీ కలగలేదు, నిజం చెప్పాలంటే. హాయిగా ఉంది. ఆర్కెస్ట్రా డబ్బుతో మొదటి జీన్సు ప్యాంటు కొనుక్కున్నాను.

సంక్రాంతికి ఆ కీబోర్డు ఊరు తీసుకెళ్ళి మాస్టారికి చూపించాను. మంచం మీద పెట్టి స్విచ్చి వేశాను. కళ్ళజోడు సర్దుకుని, చేతులు తుడుచుకుని, కుడిచేత్తో మెల్లగా మోహన మొదలుపెట్టాడు. చుట్టూ పిల్లలు కిసకిస నవ్వారు. ఎందుకా అని చూస్తే, ఆయన ఎడమచెయ్యి కీబోర్డు వెనక గాలిలో ముందుకీ వెనక్కీ ఆడుతోంది. లేని తిత్తి కొడుతోంది. ఆయనా చూసుకున్నాడు. నవ్వాడు. చెయ్యి తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. రెండు స్వరాలు కాగానే అది మళ్ళీ లేచింది.

ఉద్యోగం వచ్చాక వాయించడం ఆగిపోయింది. ఏ రోజు ఆగిపోయిందో గుర్తులేదు. మాస్టారు పోయినప్పుడు నేను దూరంగా ఉన్నాను, రాలేకపోయాను. పెట్టె నాకివ్వమన్నాడట. మిల్లువాళ్ళు తెచ్చి అమ్మకిచ్చారు. అమ్మ అటకెక్కించింది.

*

మొన్న వసారాలో కూర్చుని తుడిచాను. తిత్తి ఒక మడత దగ్గర చిట్లింది. అమ్మ పాత జాకెట్టుగుడ్డ ముక్క చించి ఇచ్చింది, మైదాపిండి జిగురుతో అతికించాను. మెట్లలో నాలుగు పైకి లేవడం లేదు. మంద్రంలో ఆ రీడు నొక్కితే, అదే గొంతు.

కుడిచెయ్యి ఏమీ వాయించలేకపోయింది. సరళీ స్వరాలు కూడా అడ్డదిడ్డంగా వచ్చాయి. సరే అని ఒక్క మెట్టే నొక్కిపట్టి ఎడమచెయ్యి ఆడించాను. కొలుచుకోవడానికి చుట్ట లేదు కదా. వంటింట్లో అమ్మ పప్పు పెట్టి ఉంది, కుక్కరు మూడు కూతలు వచ్చేదాకా పడదాం అనుకున్నాను.

రెండో కూత దగ్గర ఒకసారి చిరిగింది.

"అదేంట్రా, అలా వణికింది?" అంది అమ్మ లోపల్నుంచి.